మెదడు పొలంలో సర్వే నంబర్లు

కోతి తలలో ఉన్న గీత మనిషి తలలో లేదు. ఆ గీత పక్కన పడ్డ నంబరు మాత్రం మనిషి తలలోకీ వచ్చి కూర్చుంది. పేరు పెట్టడంలో జరిగిన తడబాటుకు మూల్యం చెల్లించింది ఎవరు?

ఢిల్లీలో నార్త్ బ్లాక్ కారిడార్లలోకి చొరబడి ఫైళ్లు చిందరవందర చేసే ఎర్రమూతి కోతిని తరమడానికి ప్రభుత్వాలు పడని పాట్లు లేవు. కొండముచ్చుల్ని తెచ్చి కాపలా పెట్టారు. వన్యప్రాణి చట్టం దానికి ఒప్పుకోదని తేలాక, కొండముచ్చులా అరవగల మనుషుల్ని జీతానికి పెట్టుకున్నామని 2014లో సాక్షాత్తూ పార్లమెంటులోనే చెప్పారు. ఇంత చిరాకు తెప్పించే ఈ జంతువు, శాస్త్రవేత్తల భాషలో రీసస్ మకాక్, సుమారు 90 గ్రాములు తూగే తన మెదడుతో ఇంకో చరిత్ర కూడా సృష్టించింది. మనిషిని మినహాయిస్తే, ఏ ప్రైమేట్ మెదడుకూ ఇన్ని పటాలు గీసి, ఇన్ని పేర్లు పెట్టి, ఆ పేర్ల మీద ఇంతగా తగవులాడుకున్న దాఖలాల్లేవు.

తగవంతా ఎక్కువగా ముందు భాగం గురించే. అంటే నుదుటి వెనకాల ఉండే ఫ్రంటల్ లోబ్. కోతి మెదడును పక్క నుంచి చూస్తే ఈ భాగంలో రెండు గీతలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. ఒకటి ముందు నుంచి వెనక్కు దాదాపు తిన్నగా సాగుతుంది. దాని పేరు ప్రిన్సిపల్ సల్కస్. దాని వెనకే ఎక్కుపెట్టిన విల్లులా వంగి రెండోది. అది ఆర్క్యుయేట్ సల్కస్. లాటిన్‌లో సల్కస్ అంటే నాగటి చాలు. చాలుకూ చాలుకూ మధ్య ఉబ్బెత్తుగా ఉండే గట్టును గైరస్ అంటారు. ఎవరో దున్ని వదిలేసిన చెలకలా ఉందని తొలితరం వైద్యులకు తోచిందేమో గానీ, పోలిక మాత్రం బాగా కుదిరింది. చాలు వల్ల లాభమేమిటంటే తక్కువ చోటులో ఎక్కువ నేల ఇముడుతుంది. మనిషి మెదడు పైపొరను విప్పి పరిస్తే దాదాపు మూడింట రెండు వంతులు ఈ చాళ్లలోనే దాక్కుని ఉన్నట్టు తేలుతుంది. మార్మోసెట్ అనే చిన్న అమెరికా కోతి మెదడేమో ఇంచుమించు నున్నగా ఉంటుంది.

ఇక చిక్కు ఎక్కడంటే, రీసస్ కోతిలో అంత స్పష్టంగా ఉన్న ప్రిన్సిపల్ చాలుకు మనిషిలో కచ్చితమైన జోడీ లేదు. మనిషి ఫ్రంటల్ లోబ్‌లో పై నుంచి కిందికి మూడు గట్లు అడ్డంగా పరుచుకుని ఉంటాయి. మధ్య గట్టు మీద చిన్నచిన్న చాళ్లు తెగి, చీలి, మనిషి మనిషికీ మారిపోతుంటాయి. ఏకంగా ఒకే తల కుడి ఎడమల్లోనే అవి ఒక్కలా ఉండవు. దేనికి ఏది సాటి? ఈ ప్రశ్నకు జవాబు వెతుకుతూ శాస్త్రం నూట డెబ్బై ఏళ్లుగా నడుస్తోంది. ఆ నడకలో తప్పటడుగులు చాలానే ఉన్నాయి.

పేర్ల కథ ఫ్రాన్సులో ఊపందుకుంది. మెదడు మధ్యలో నిలువుగా దిగే పెద్ద చాలుకు ఇటలీ వైద్యుడు లుయీజీ రొలాండో పేరు పెట్టింది 1839లో ఫ్రెంచి శాస్త్రవేత్త లూరే. ఆయన తర్వాత పియర్ గ్రాసియోలే రంగంలోకి దిగారు. మనిషి, ఇతర ప్రైమేట్ల మెదడు మడతలను పక్కపక్కన పెట్టి పోల్చిన ఆయన గ్రంథం 1854లో వెలువడింది. మెదడు భాగాలను వాటిపైన ఉండే కపాలం ఎముకల పేర్లతో పిలిచే పద్ధతి స్థిరపడటంలో ఆయనది పెద్ద చేయి. నుదుటి ఎముక కింద ఉన్నది కాబట్టి ఫ్రంటల్. ఇంటి పైకప్పును బట్టి ఇంట్లో వాళ్లకు పేరు పెట్టినట్టన్నమాట. అయినా అదే నిలిచింది.

అయితే ఆ గ్రంథంలోని పటాల్లో ఒక మెదడు సారా బార్ట్‌మన్‌ది. దక్షిణాఫ్రికాకు చెందిన ఖోయ్ తెగ యువతి ఆమె. యూరప్ తీసుకువెళ్లి, ‘హాటెన్‌టాట్ వీనస్’ అనే పేరుతో లండన్, పారిస్‌లలో టికెట్ పెట్టి చూపించారు. 1815 డిసెంబర్‌లో ఆమె పారిస్‌లో మరణించగానే శాస్త్రవేత్త కువియే శరీరాన్ని కోసి భాగాలను భద్రపరిచారు. దాదాపు నాలుగు దశాబ్దాల తర్వాత ఆ మెదడును చూసిన గ్రాసియోలే, దాని ముందు మడతలు మరీ సాదాగా ఉన్నాయని రాసి, ఎదుగుదల ఆగిపోయిన తెల్లవారి మెదడుతో పోల్చారు. ఒక్క మెదడు. దానికి పక్కన పెట్టి చూడదగ్గ ఆమె జాతివారి మెదడు ఇంకొకటి లేదు. అయినా ఒక జాతి మొత్తానికి తీర్పు వెలువడింది. మడత ఎంత మెలికలు తిరిగితే అంత నాగరికత అన్న సూత్రం అప్పటికే మనసులో ఉంటే, కంటికి కనిపించేది కూడా అదే. వర్ణభేదాన్ని చట్టం చేసుకున్న పాలన ముగిసిన 1994లో దక్షిణాఫ్రికా అధ్యక్షుడు నెల్సన్ మండేలా ఆమె అవశేషాలను తిరిగి ఇమ్మని ఫ్రాన్స్‌ను కోరారు. ఫ్రాన్స్ పార్లమెంటు ప్రత్యేకంగా చట్టం చేస్తే గానీ పని జరగలేదు. 2002 ఆగస్టు 9న, దక్షిణాఫ్రికాలో మహిళా దినోత్సవం రోజున, ఆమెను స్వదేశంలో ఖననం చేశారు.

గ్రాసియోలే సమకాలికుడే పాల్ బ్రోకా. పారిస్ శివార్లలోని బిసెత్ర్ ఆసుపత్రిలో ఏళ్ల తరబడి ఉన్న లెబోర్న్ అనే రోగి ఏమడిగినా ‘టాన్’ అనే అనేవాడు. అందరికీ అతని పేరే టాన్ అయిపోయింది. 1861 ఏప్రిల్‌లో అతను చనిపోయాక బ్రోకా మెదడును తీసి చూస్తే ఎడమవైపు ఫ్రంటల్ లోబ్‌లో, మూడో గట్టు దగ్గర, పెద్ద గుంట. మాటకు మెదడులో ఒక చిరునామా ఉందన్న వాదనకు అది బలమైన సాక్ష్యమైంది. ‘మూడో గట్టు’ అనగానే అందరికీ ఒకే చోటు గుర్తొచ్చేలా గట్లకు అప్పటికే లెక్క కుదిరి ఉండటం బ్రోకాకు కలిసొచ్చింది. అంతకు ముందు తరం వైద్యులు మెదడు మడతలను పేగుల చుట్టలతో పోల్చి, క్రమం లేదని చేతులెత్తేసినవారే.

తర్వాత పేర్ల వరద మొదలైంది. జర్మన్లు ఒక పేరు, ఫ్రెంచివారు ఒక పేరు, ఇంగ్లీషువారు ఇంకొకటి. కనుగొన్నవాడి పేరు ఒకటి, ఆకారాన్ని బట్టి మరొకటి. ప్రిన్సిపల్ చాలునే కొందరు రెక్టస్, అంటే తిన్ననిది, అన్నారు. 19వ శతాబ్దం చివరికి మొత్తం శరీర నిర్మాణ శాస్త్రంలోనే వేలల్లో ఉన్న భాగాలకు సుమారు 50,000 పేర్లు పోగయ్యాయి. 1895లో బాసెల్‌లో సమావేశమై లాటిన్ పేర్ల జాబితా ఒకటి ఖరారు చేశారు. వ్యక్తుల పేర్లు వద్దని 1955లో పారిస్ జాబితా గట్టిగా చెప్పింది. నాడీ వ్యవస్థకంటూ ప్రత్యేకంగా ఒక అంతర్జాతీయ పదావళి 2017లో వచ్చింది. ఇన్ని జరిగినా డాక్టర్లు బ్రోకా ప్రాంతమనే అంటారు, రొలాండో చాలనే అంటారు. మన ఊళ్లలో వీధికి కొత్త బోర్డు పెట్టినంత మాత్రాన ఆటోవాలా పాత పేరు మానేస్తాడా!

పేర్లతో పని కాదనుకున్నవాడు జర్మనీకి చెందిన కోర్బినియన్ బ్రాడ్‌మన్. మడతల్ని పక్కనపెట్టి, మెదడును పలచటి పొరలుగా కోసి, రంగు అద్ది, మైక్రోస్కోపు కింద కణాల అమరికను చూశారు. అమరిక మారిన చోటల్లా హద్దు గీసి నంబరు వేశారు. 1909లో వచ్చిన ఆయన పుస్తకంలో మనిషే కాదు, కోతులు, లీమర్, గబ్బిలం జాతి జంతువు, కుందేలు, ముళ్లపంది లాంటి జీవి వరకూ అందరికీ పటాలున్నాయి. నంబర్లకు తర్కం వెతికితే దొరకదు. కోతకు వచ్చిన వరుసలో వేసుకుంటూ పోయారు. అందుకే 4 పక్కనే 6 ఉంటుంది, 5 వెనక్కు పోతుంది. 13 నుంచి 16 దాకా నంబర్లు మనిషి పటంలో కనిపించవు. రెవెన్యూ ఆఫీసులో సర్వే నంబర్ల కోసం తిరిగినవారికి ఇదేమీ కొత్తగా అనిపించదు.

అసలు గొడవ ఫ్రంటల్ లోబ్‌లో వచ్చింది. బ్రాడ్‌మన్ మనిషికి 44, 45, 46, 47 అనే నంబర్లిచ్చారు. కోతి పటంలో ఆ నాలుగూ లేవు. కోతికి లేవా, ఆయనకు కనబడలేదా? 1940లో అమెరికా శాస్త్రవేత్త ఎర్ల్ వాకర్ మకాక్ కోతి మెదడును మళ్లీ సర్వే చేసి, ప్రిన్సిపల్ చాలు చుట్టూ ఉన్న నేలకు 46 అని, విల్లు చాలు దగ్గర 45 అని రాశారు. 12ను ఉన్న చోటు నుంచి తీసి కింది పక్కకు జరిపారు. అంటే మనిషి పటంలోని నంబర్లు కోతి పటంలోకి దిగుమతి అయ్యాయి. ఒకే నంబరు ఇద్దరిలోనూ ఒకే పని చేసే చోటును చెబుతుందన్న హామీ మాత్రం ఎవరూ ఇవ్వలేదు. ఈ ముడిని విప్పాలని మాంట్రియల్ శాస్త్రవేత్త మైకేల్ పెట్రైడిస్, బోస్టన్‌లో పనిచేసిన దీపక్ పాండ్య 1994లో కోతిలోనూ మనిషిలోనూ కణాలను పక్కపక్కనే పెట్టి చూశారు. వివాదాస్పద స్థలానికి వారిచ్చిన కొత్త నంబరు 47/12. సర్వే నంబరుకు బై నంబరు పడిందన్నమాట.

ఇదంతా పండితుల పంచాయితీ అని తీసిపారేయడానికి వీల్లేదు. 1930లలో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో జాన్ ఫుల్టన్, కార్లైల్ జాకబ్సన్ ఇద్దరూ బెకీ, లూసీ అనే రెండు చింపాంజీల ఫ్రంటల్ లోబ్ ముందు భాగాలను తొలగించారు. తిండి ఏ గిన్నె కింద పెట్టారో కొద్ది సెకన్ల తర్వాత గుర్తు పెట్టుకునే పరీక్షలో అవి దెబ్బతిన్నాయి. ప్రయోగం తేల్చింది అదే. అయితే అంతకు ముందు తప్పు చేస్తే చాలు చిందులు తొక్కే బెకీ, ఆపరేషన్ తర్వాత ప్రశాంతంగా ఉందన్న మాట మాత్రం బాగా పాకింది. లూసీ తీరు దానికి పూర్తి భిన్నం. ఆ సంగతి ఎవరికీ పట్టలేదు. 1935లో లండన్ మహాసభలో ఈ ఫలితాలు వినిపించినప్పుడు పోర్చుగల్ వైద్యుడు ఎగాస్ మోనిజ్ అక్కడున్నారు. అదే ఏడాది నవంబర్‌లో లిస్బన్‌లో మానసిక రోగుల ఫ్రంటల్ లోబ్ మీద ఆపరేషన్లు మొదలుపెట్టారు. చింపాంజీలను చూసే ఆయనకు ఆ ఆలోచన వచ్చిందా, ముందే ఉందా అన్నదాని మీద చరిత్రకారులు ఇప్పటికీ ఏకీభవించరు. కానీ ఆ తర్వాత అమెరికాలో వాల్టర్ ఫ్రీమన్ చేతుల్లో లోబోటమీ ఊరూరా తిరిగింది. వేలాది మంది దాని కింద పడ్డారు. 1941లో, జాన్ కెనెడీ అధ్యక్షుడు కావడానికి చాలా ముందు, ఆయన చెల్లెలు రోజ్‌మేరీ కూడా. 23 ఏళ్ల ఆ యువతి మళ్లీ తన కాళ్ల మీద తాను బతకలేకపోయింది. మోనిజ్‌కు 1949లో నోబెల్ బహుమతి వచ్చింది. ‘ముందు భాగం’ అన్న ఒక్క మాట కింద అరడజను వేర్వేరు పొలాలున్నాయని, అందులో ఏది కోస్తే ఏది పోతుందో తెలియదని నిలదీసి చెప్పగలవారు అప్పట్లో తక్కువ.

ఇప్పుడు కత్తి పోయింది గానీ ప్రశ్న పోలేదు. మందులకు లొంగని డిప్రెషన్‌కు తల మీద అయస్కాంత తరంగాలు పంపే చికిత్సకు 2008లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి ఇచ్చింది. గురి ఎడమ ఫ్రంటల్ లోబ్‌లోని 9, 46 నంబర్ల ప్రాంతం. దాన్ని తల బయట నుంచి కనుక్కోవడానికి మొదట్లో వాడిన సూత్రం వింటే నవ్వొస్తుంది. బొటనవేలు కదిలే చోటు పట్టుకుని, అక్కణ్నుంచి 5 సెంటీమీటర్లు ముందుకు కొలవడం. అందరి తలలూ ఒకే టైలరు కుట్టినవన్నట్టు. చాలామందిలో గురి తప్పి వెనక పొలంలో పడుతోందని స్కాన్లు తీసి చూశాక తెలిసింది.

కోతి నుంచి మనిషికి వంతెన వేసే హడావిడిలో ఇంకో పేరు కూడా ఊరేగింది. ఇటలీలోని పార్మా బృందం మకాక్ కోతిలో ఎఫ్5 అని పిలిచే ప్రాంతంలో, తాను పని చేసినప్పుడూ, ఎదుటివారు అదే పని చేయగా చూసినప్పుడూ స్పందించే కణాలను కనుగొని 1990లలో ప్రకటించింది. అవే మిర్రర్ న్యూరాన్లు. ఎఫ్5 అంటే మనిషిలో బ్రోకా ప్రాంతమేనన్నారు. దాంతో అనుకరణ నుంచి భాష దాకా దారి పడిపోయింది. జీవశాస్త్రానికి డీఎన్ఏ ఎలాగో మనస్తత్వ శాస్త్రానికి ఈ కణాలు అలాగని భారత సంతతి శాస్త్రవేత్త వి.ఎస్. రామచంద్రన్ 2000లో జోస్యం చెప్పారు. ఐదేళ్లు తిరక్కుండా పెట్రైడిస్ బృందం అసలు 44కు సాటి అయిన తునక కోతిలో విల్లు చాలు కింది కొమ్మ అడుగున దాక్కుని ఉందని, అది దవడ, పెదాల కండరాలతో ముడిపడి ఉందని చూపించింది. ఎఫ్5 దాని పొరుగు. పొరుగింటి కరెంటు బిల్లు మీ పేరిట వస్తే ఏం చేస్తారు? జోస్యాల వేడి ఆ తర్వాత చాలావరకు చల్లారింది.

చింపాంజీ సంగతీ అంతే. దాని మూడో గట్టును ఫ్రంటో ఆర్బిటల్ అనే చాలు కోసుకుంటూ పోతుంది. మనిషిలో ఆ రూపంలో అది కనిపించదు. ఆ చాలును హద్దుగా పట్టుకుని కొలిచినవారు, మాటలాడే మనిషిలోలాగే గొరిల్లా, చింపాంజీ, బోనొబోల్లోనూ ఎడమవైపు పెద్దదని 2001లో ప్రకటించారు. 2010లో మరో బృందం చింపాంజీ మెదడును కోసి కణాలు చూస్తే, అలాంటి తేడా కనిపించలేదు. కంటికి కనిపించే చాలు, కణాల మధ్య ఉండే హద్దు ఒకటి కావని తేలింది. వాగును బట్టి జిల్లా సరిహద్దు గీసేస్తే వాగు దిశ మార్చుకున్నప్పుడు వచ్చే తంటా ఇలాంటిదే. లోపలి పక్కన ఉండే పారాసింగ్యులేట్ చాలు మనిషి సొత్తేనని 2019లో రాసిన శాస్త్రవేత్తలే 2021లో చింపాంజీలోనూ ఉందని సవరించుకున్నారు. తమ మాటను తామే దిద్దుకోవడం ఈ రంగంలో అరుదైన మర్యాద, మెచ్చుకోవాలి.

అలాగని మడతలు చూడటం వృథా అనుకోనక్కర్లేదు. ఎముకలు మిగిలి మెదడు మట్టైపోయిన పూర్వీకుల విషయంలో మడతలు తప్ప వేరే దారి లేదు. మెదడు పెరుగుతూ కపాలం లోపలి గోడ మీద తన ముద్ర వేస్తుంది. జార్జియా దేశంలోని ద్మానిసీలో దొరికిన సుమారు 18 లక్షల ఏళ్ల నాటి కపాలాల లోపలి ముద్రలను జ్యూరిక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పరిశీలించి 2021లో ఫలితాలు ప్రచురించారు. ఆ మనుషులు రెండు కాళ్ల మీద నడిచారు, రాతి పనిముట్లు చేశారు, ఆఫ్రికా దాటి వచ్చారు. అయినా వారి ఫ్రంటల్ లోబ్ అమరిక చింపాంజీ తరహాలోనే ఉంది. ఇప్పటి మనిషి తరహా అమరిక సుమారు 17 లక్షల నుంచి 15 లక్షల ఏళ్ల మధ్య వచ్చిందని వారి అంచనా. అంటే పనిముట్టు ముందు, మనం గొప్పగా చెప్పుకునే మడత తర్వాత.

ఈ కథలో మన దేశం ముడిసరుకు సరఫరాదారు. 1950లలో పోలియో టీకాల కోసం, ప్రయోగాల కోసం ఏటా లక్షకు పైగా రీసస్ కోతులు భారత్ నుంచి విమానాలెక్కాయి. వైద్యానికని తీసుకెళ్లి అమెరికాలో అణు రేడియేషన్ సైనిక ప్రయోగాలకు వాడుతున్నారని గోల పుట్టడంతో మొరార్జీ దేశాయ్ ప్రభుత్వం 1978 నుంచి ఎగుమతిని నిషేధించింది. విదేశీ లాబ్‌లలోని కోతుల వంశావళిలో ‘భారత మూలం’ అన్న ముద్ర మాత్రం నేటికీ ఉంది. సర్వే అక్కడ, పొలం ఇక్కడిది.

ఈ లెక్క ఇప్పుడిప్పుడే మారుతోంది. మెదడు స్కాన్లను పోల్చడానికి ప్రపంచమంతా వాడేది ప్రధానంగా పాశ్చాత్యుల తలల నుంచి తయారైన ప్రామాణిక నమూనా. హైదరాబాద్‌లోని ట్రిపుల్ ఐటీ బృందం 2019లో వంద మంది భారతీయుల స్కాన్లతో సొంత నమూనా రూపొందించింది. సగటున ఎత్తు, వెడల్పు, పరిమాణాల్లో తేడా ఉందని తేలింది. ‘భారతీయుల మెదడు చిన్నది’ అంటూ కొన్ని పత్రికలు శీర్షికలు పెట్టి గ్రాసియోలే కాలానికి వెళ్లొచ్చాయి. తేడా వల్ల తెలివి గురించి తెలిసేదేమీ లేదు. పరాయి కొలత పెట్టి చూస్తే ఆరోగ్యంగా ఉన్న మెదడు కూడా కుంచించుకుపోయినట్టు కనిపించవచ్చు, సొంత నమూనా అందుకే. మద్రాస్ ఐఐటీలోని మెదడు పరిశోధన కేంద్రం 2024 డిసెంబర్‌లో గర్భస్థ శిశువు మెదడును 5,132 పొరలుగా చిత్రించి అందరికీ ఉచితంగా అందుబాటులో పెట్టింది. చాళ్లు ఇంకా పూర్తిగా పడని దశ అది. ఆ పటానికి పెట్టిన పేరు ధరణి. తెలంగాణలో భూముల పోర్టల్‌తో వేగిన రైతుకు ఈ పేరు వింటే కాస్త గుండె జారవచ్చు.

ఇక టాన్ మెదడు. బ్రోకా దాన్ని కోయలేదు. తర్వాతివారు చూసుకుంటారని మొత్తంగా సీసాలో పెట్టించారు. 2007లో అమెరికా, ఫ్రాన్స్ పరిశోధకులు ఆ మెదడునూ, బ్రోకా చూసిన రెండో రోగి మెదడునూ ఎంఆర్ఐ స్కానర్‌లో పెట్టారు. టాన్‌కు తగిలిన దెబ్బ బ్రోకా పైనుంచి చూసినదానికన్నా ఎంతో లోతుకు పోయింది. రెండో రోగి విషయంలో, ఇవాళ పాఠ్యపుస్తకాలు బ్రోకా ప్రాంతమని రంగు వేసి చూపే చోటులో వెనక ముక్క మాత్రమే పాడై ఉంది, మిగతాది బాగానే ఉంది. బ్రోకా వేలు పెట్టి చూపిన స్థలం, ఆయన పేరు మోస్తున్న స్థలం ఒకటి కావు.